కాగితపు మోకాళ్ళు

మా ఆవిడ ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజున నేను చేసిన మొదటి పని ఆమె సంచి వెతకడం. ఆమె ఎదురుగా కుర్చీలో కూర్చుని చూస్తూనే ఉంది. రెండు చీరలు, ఒక తువ్వాలు, దువ్వెన, డిశ్చార్జి కాగితాలు, సగం అరిగిన సబ్బు. సబ్బుకు చుట్టిన కాగితం కూడా విప్పి చూశాను.

“చీర అంచులు మర్చిపోయారు. ఇదివరకు అక్కడేగా దాచేదాన్ని,” అంది.

ఆ గొంతులో వెటకారం ఉందో లేదో తెలియలేదు. అంచులు కూడా తడిమి చూశాను.

మా అమ్మాయి వంటగది గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది.  టీ తెచ్చి వాళ్ళమ్మ చేతికిచ్చింది. నా కప్పు బల్లమీద ఠక్కున పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

వానాకాలం అప్పుడే మొదలైంది. ఆ మూడు నెలల సంగతే ఇప్పుడు చెబుతున్నాను.

నేను మందుల దుకాణంలో పనిచేస్తాను. ఇరవై రెండేళ్ళుగా అదే కౌంటరు. దగ్గుమందు అడిగే మనిషి దగ్గుకోసం అడుగుతున్నాడో మత్తుకోసం అడుగుతున్నాడో ముఖం చూసి చెప్పేస్తానని మా ఓనరుకు నా మీద గురి. అలాంటివాడి ఇంట్లో రోజుకు పద్నాలుగు నిద్రమాత్రలు మింగే మనిషి ఏడాదిపైగా తిరిగింది. నాకు తెలియలేదని అందరికీ చెప్పాను. కొందరు నమ్మారు కూడా.

ఆమె ఒక ప్రెస్సులో బైండింగు సెక్షనులో పద్దెనిమిదేళ్ళు పనిచేసింది. అచ్చయిన కాగితాలు మడవడం, కుట్టడం, పుస్తకం వీపుకు గుడ్డ అంటించి అట్ట వెయ్యడం. ప్రెస్సు మూసేశాక ఇంట్లో కూర్చుంది. మొదట్లో నిద్రపట్టేది కాదు. తర్వాత లేవాలనిపించేది కాదు. తర్వాత తల దువ్వుకోవడమే ఓ పెద్ద పనైపోయింది. ఒకరోజు మధ్యాహ్నం అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి ఎంత లేపినా లేవలేదు. అక్కణ్ణించి ఆరు వారాలు ఆస్పత్రి.

ఇంటికి పంపించేటప్పుడు డాక్టరమ్మ నన్ను విడిగా పిలిచింది.

“ఇంట్లో మందులన్నీ తాళంలో పెట్టండి. ఇంకో మాట. మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నాలు ఆవిణ్ణి ఈ చిరునామాకు పంపించండి. అక్కడ బొమ్మలు చేస్తారు.”

“బొమ్మలా?”

“కాగితంతో, మనిషంత బొమ్మలు. వాటితో ఆడతారు, మాట్లాడిస్తారు. మానేసినవాళ్ళూ, మానేద్దామనుకుంటున్నవాళ్ళూ అందరూ వస్తారు.”

ఆ చివరి మాట దగ్గరే నాకు అనుమానం పుట్టింది. మానేద్దామనుకోవడమంటే ఇంకా మానలేదనేగా. అలాంటివాళ్ళని పదిమందిని ఒక గదిలో కూర్చోబెడితే, ఏ సరుకు ఎక్కడ దొరుకుతుందో తప్ప ఇంకేం మాట్లాడుకుంటారు? పైకి మాత్రం “అలాగేనండీ” అన్నాను.

మొదటి రెండు వారాలు ఆమె ఎవరో తోసినట్టు వెళ్ళింది, ఎవరో ఈడ్చుకొచ్చినట్టు వచ్చింది. గోళ్ళ సందుల్లో ఎండిపోయిన మైదా జిగురు ఉండేది. అన్నం వడ్డిస్తుంటే ఆ చేతుల్ని వాసన చూసేవాణ్ణి. జిగురు వాసనే వచ్చేది. జిగురు వాసన వెనక ఇంకేముందా అని మళ్ళీ చూసేవాణ్ణి.

మూడో వారంలో ఒక సాయంత్రం నేను దుకాణం నుంచి వచ్చేసరికి వంటింట్లోంచి నవ్వు వినిపించింది. ఒక్కతే ఉంది. బెండకాయలు తరుగుతూ తనలో తాను నవ్వుకుంటోంది.

 మాత్రలు బాగా దొరికిన రోజుల్లోనే ఆమె అలా నవ్వేది.

“ఇలా వెలుతురులోకి రా,” అన్నాను.

కత్తిపీట పక్కన పెట్టి వచ్చింది. గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పి కళ్ళలోకి చూశాను.

“ఏం కనిపిస్తోంది?”

“ఏం లేదు. బాగానే ఉన్నాయి.”

“అయితే ఓ చీటీ రాసివ్వండి. రోజుకు రెండుసార్లు భోంచేశాక నవ్వుకుంటాను.”

“దేనికి నవ్వావు?”

“అక్కడ ఒక లారీ డ్రైవరున్నాడు. బొమ్మకు ముక్కు పెట్టరా నాయనా అంటే, అద్దంలో చూసుకుని అచ్చం తన ముక్కే పెట్టుకున్నాడు. ఆడబొమ్మ అది.”

మళ్ళీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇంతవరకూ మాత్రల సంగతే అనుకుంటున్నాను, ఇప్పుడు దానికి ఒక లారీ డ్రైవరు కూడా తోడయ్యాడు.

మర్నాడు పొద్దున అమ్మాయిని వరండాలోకి పిలిచాను.

“అమ్మ ఫోన్లో ఎవరితో మాట్లాడుతోందో కాస్త కనిపెట్టి చూడమ్మా.”

“నాన్నా, నేను అమ్మకి కూతుర్నా, కానిస్టేబుల్నా?”

“దాని మంచికేగా చెప్పేది.”

“కానిస్టేబుళ్ళూ అదే అంటారు.” చెప్పులు వేసుకుంటూ ఆగి, నా వైపు తిరిగింది. “నువ్వడిగావు కాబట్టి చెబుతున్నా. అమ్మ కూడా అడిగింది. రోజూ పొద్దున్నే మీ నాన్న బాత్రూమ్ తలుపు గడియ పెట్టుకుని అంతసేపు ఏం చేస్తాడే అని.”

“గడ్డం గీసుకుంటాను. ఇంకేం చేస్తాను?” అని కసురుకున్నాను.

“నాకేం తెలుసు. నన్ను మధ్యలో పెట్టకండి మీ ఇద్దరూ,” అని వానలోకి వెళ్ళిపోయింది.

మా ఇంట్లో ముగ్గురం అన్నం తింటున్నంతసేపూ గిన్నెల చప్పుడే వినపడేది ఆ రోజుల్లో. ఎవరు లేచి లోపలికెళ్ళినా మిగతా ఇద్దరి చెవులూ అటే వెళ్ళేవి.

ఆ వారమే గురువారం నాడు ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు గుడ్డసంచి తెరిచాను. వార్తాపత్రికల పేలికలు, దారం ఉండ, లావుపాటి సూది, మైనం ముక్క. అన్నిటికిందా ఒక పొట్లం. విప్పితే చిన్న చిన్న నీలం పలుకులు, గాజుముక్కల్లా మెరుస్తూ.

నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మైలుతుత్తం. మనిషిని పొట్టనపెట్టుకునే సరుకు.

ఆమె తల తుడుచుకుంటూ వచ్చేసరికి పొట్లం నా అరచేతిలో ఉంది. దాన్ని ఆమె ముందుకు చాపాను.

“ఇదేంటి?”

“చూస్తే తెలియట్లేదా?”

“తెలుస్తోంది కాబట్టే అడుగుతున్నా.”

“జిగురులో కలపడానికండీ. పద్దెనిమిదేళ్ళు కలిపాను. చిటికెడు వెయ్యకపోతే మైదా జిగురుకి పురుగులొస్తాయి. వాళ్ళకి ఆ సంగతే తెలియదు. రెండు బొమ్మల చెవులు బొద్దింకలు తినేశాయి. నేనే కొన్నాను.”

“నిజమేనా?”

తువ్వాలు భుజాన వేసుకుని నన్నొకసారి చూసింది. కోపం కాదు. బాగా అలిసిపోయిన చూపు.

“నిజం చెప్పినా, అబద్ధం చెప్పినా మీరడిగేది ఆ ఒక్క మాటేగా. ఏదో ఒకటి మీరే అనుకోండి,” అని లోపలికి వెళ్ళిపోయింది.

పొట్లం జేబులో వేసుకుని దుకాణానికి వెళ్ళాను. మా ఓనరు కళ్ళజోడు పైకి నెట్టి చూశాడు.

“బైండింగువాళ్ళు జిగురులో వేస్తారయ్యా దీన్ని. మీ ఆవిడది ఆ పనేగా?”

“అవును.”

“మరింకేం?”

“మింగితేనో?”

ఆయన వెనక ఉన్న షెల్ఫుల వైపు చెయ్యి ఊపాడు. “మింగకూడనంత మింగితే ఇందులో ఏది ఊరుకుంటుంది చెప్పు? ఇంటికెళ్ళి ఆవిడతో మాట్లాడు. నాతో కాదు.”

మాట్లాడలేదు. శుక్రవారం మధ్యాహ్నం సెలవు పెట్టి ఆమె వెనకే బయల్దేరాను. వానలో మనిషి వెనకపడటం చాలా తేలిక, గొడుగు ముఖానికి అడ్డం పెట్టుకుంటే చాలు. ఆమె ఎక్కడా ఆగలేదు, ఏ మందుల దుకాణం వైపూ చూడలేదు. ఆ చూడకపోవడం కూడా నాకు నచ్చలేదు. నేను వెనక వస్తున్నానని తెలిసే చూడట్లేదేమో అనిపించింది.

రెండు వీధులు దాటాక ఒక టైర్ల దుకాణం. దాని పక్కనుంచి పైకి ఇనుప మెట్లు. ఆమె ఎక్కి వెళ్ళిపోయింది. నేను టైర్ల దుకాణం చూరు కింద నిలబడ్డాను. పైనుంచి సుత్తి చప్పుడు, మాటలు, మధ్యమధ్య నవ్వులు.

“ఏ బండికి సార్?” అన్నాడు దుకాణంలోని మెకానిక్కు.

“ఊరికే చూస్తున్నా.”

“చూడండి చూడండి. పైన వాళ్ళు చేరినప్పుడల్లా ఒకరో ఇద్దరో ఇలాగే నిలబడి చూస్తారు. మొగుళ్ళు, పెళ్ళాలు, తమ్ముళ్ళు. ఒక్కళ్ళూ టైరు కొన్న పాపాన పోలేదు.”

అంతలో పైన రెయిలింగు మీంచి ఒక ముసలావిడ వంగి చూసింది. ఆరడుగుల మనిషి, మెళ్ళో కొలత టేపు.

“ఆ గొడుగు కింద ఉన్నాయనా! కాళ్ళు తడుస్తున్నాయి, పైకి రండి. జిగురు కలిపేవాళ్ళు కావాలి నాకు.”

పట్టుబడిపోయాను. ఎక్కక తప్పలేదు.

పొడుగాటి గది. దండేల మీద తలలు ఆరుతున్నాయి, గోడకు చేతులూ కాళ్ళూ ఆనించి ఉన్నాయి, అన్నీ కాగితమే. పదిమంది దాకా ఉన్నారు. మా ఆవిడ మూలన చాపమీద కూర్చుని ఒక కాలికి మోకాలు కుడుతోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. సూది ఆపలేదు.

“మీరేనా మందుల దుకాణం అల్లుడుగారు?” అంది ముసలావిడ. ఆమె ఒకప్పుడు నాటకాలవాళ్ళకి బట్టలు కుట్టేదట. భర్త పోయాక పదేళ్ళు తాగిందట, మానేసి పదకొండేళ్ళయిందట. అదేదో మోకాళ్ళ నొప్పుల సంగతి చెప్పినంత మామూలుగా చెప్పేసింది. అక్కడ అందరూ ఆమెను అత్తయ్య అంటారు. కాబట్టి నేను అల్లుణ్ణి.

“నమస్కారం బావగారూ,” అని ఒకాయన జిగురు చేతులు జోడించాడు. దండెం మీద ఆరుతున్న ఒక ఆడబొమ్మ ముక్కే ఆయనదీ, లారీ డ్రైవరని తెలిసింది. “చెల్లెమ్మ రాబట్టి గానీ, మా బొమ్మలకి మోకాళ్ళు వంగేవే కావండి. అన్నీ కర్రల్లా నడిచేవి. పుస్తకం వీపుకి గుడ్డ వేసినట్టు వేసింది చూడండి, ఎంత వంచినా చిరగదు.”

పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళకు ఒక్కపూటలో నాకొక అత్తగారూ, బావమరిదీ దొరికారు. ఇద్దరినీ నమ్మలేదు. అయినా గిన్నె, గరిటె ఇచ్చి స్టవ్ దగ్గర కూర్చోబెట్టారు. జేబులోంచి పొట్లం తీసి అత్తయ్యకిచ్చాను. “ఆ, ఇదే, దీనికోసమే చూస్తున్నాం,” అని చిటికెడు తీసి నా గిన్నెలో వేసింది. నీలం పలుకులు తెల్లటి జిగురులో కరిగిపోయాయి.

నాలుగింటికి అందరూ పని ఆపి గుండ్రంగా కూర్చున్నారు. అక్కడ ఒక పద్ధతుంది. ఎవరి సంగతి వాళ్ళు చెప్పరు. చేతిలో ఉన్న బొమ్మ చెబుతుంది. మిగతావాళ్ళు బొమ్మనే చూడాలి, పట్టుకున్న మనిషిని చూడకూడదు. డ్రైవరు తన ముక్కున్న ఆడబొమ్మ చేత, సీటు కింద సీసా దాచుకుని బండి తోలిన కథ చెప్పించాడు. అందరూ నవ్వారు. చివర్లో ఎవరూ నవ్వలేదు.

“నువ్వు చెబుతావా అమ్మా, ఇవాళ వద్దా?” అని అత్తయ్య మా ఆవిణ్ణడిగింది. నా వైపు చూడకుండానే అడిగింది.

మా ఆవిడ లేచింది. గోడ దగ్గర గుడ్డ కప్పి ఉన్న బొమ్మను తెచ్చింది. గుడ్డ తీసేసింది.

తెల్లకోటు. జేబులో పెన్ను. మెళ్ళో దారానికి వేలాడే కళ్ళజోడు. తలలో ఎడమపక్క పాపిడి.

నా చెయ్యి నాకు తెలియకుండానే నా కళ్ళజోడు దారం మీదికి వెళ్ళింది.

“పడుకో,” అంది ఆ బొమ్మ. గొంతు కాస్త బొంగురు చేసింది, అంతే. “చాలా అలిసిపోయావు. ఇదిగో, సగం వేసుకో. హాయిగా నిద్రపడుతుంది. రేపు మాట్లాడుకుందాం.”

బొమ్మ రెండడుగులు పక్కకు నడిచి మళ్ళీ వచ్చింది.

“ఇవాళ దుకాణంలో ఒకటే రద్దీ. నిలబడి నిలబడి కాళ్ళు పీకుతున్నాయి. ఒకటి వేసుకో. రేపు మాట్లాడుకుందాం.”

మళ్ళీ నడిచి వచ్చింది.

“ఏడుస్తున్నావా? ఊరుకో, అమ్మాయి చూస్తే బాగుండదు. ఒకటిన్నర వేసుకో. నాకు తెలుసుగా, ఏం కాదు. రేపు తప్పకుండా మాట్లాడుకుందాం.”

అది కసురుకునే గొంతు కాదు. ఎంతో ప్రేమగా ఉంది. అందుకే వినలేకపోయాను.

ఆ మొదటి సగం మాత్ర నేనే తెచ్చాను. డాక్టరు చీటీ లేదు, ఏమీ లేదు. ఆర్నెల్లు నేనే తెచ్చాను. తర్వాత భయమేసి మానేశాను. అప్పటికి ఆమె వేరే దుకాణాలు వెతుక్కుంది. ఈ సంగతి డాక్టరమ్మకు చెప్పలేదు, మా అమ్మాయికి చెప్పలేదు. మా ఆవిడ కూడా ఎవరికీ చెప్పలేదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

“అయ్యా కోటాయనా,” అంది అత్తయ్య బొమ్మతో, “మీరు చెడ్డవారా?”

బొమ్మ తల చాలా నెమ్మదిగా అటూ ఇటూ ఊగింది.

“కాదు,” అంది. “ఏం చెయ్యాలో తెలియనివాణ్ణి.”

ఒక్కరు కూడా నా వైపు తిరగలేదు. డ్రైవరు లేచివచ్చి స్టవ్ ఆర్పాడు. నా గిన్నెలో జిగురు రాయిలా గట్టిపడిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు వాన తగ్గలేదు. రెండు గొడుగులున్నా ఒకటే తెరిచాం.  ఇంటికొచ్చి బట్టలు మార్చుకున్నాక వంటింట్లో ఆమె ఎదురుగా కూర్చున్నాను.

“నీకొకటి చెప్పాలి. నా షేవింగు పెట్టెలో...”

“పది,” అంది. “బ్లేడ్ల కింద.”

నేను బాత్రూమ్ తలుపు వైపు చూశాను.

“వచ్చిన మొదటి వారమే చూశాను. నేను తీసుకుంటానో లేదో చూద్దామని ఎర పెట్టారనుకున్నాను. మీరు దుకాణానికి వెళ్ళగానే రోజూ లెక్కపెట్టేదాన్ని. పదీ ఉండేవి. మీరూ పొద్దున్నే లెక్కపెట్టుకుంటున్నారని తర్వాత అర్థమైంది. ఇద్దరం కలిసి భలే కాపలా కాశాం ఆ పెట్టెకి.”

“ఎర కాదు.” చెప్పడం మొదలుపెట్టాక ఆపడం కుదరలేదు. “నువ్వు మళ్ళీ అలా ఏడవడం మొదలుపెడితే, గోడకేసి తిరిగి పడుకుంటే, ఏం చెయ్యాలో తోచకపోతే... ఒకటి ఇద్దామని దాచాను.”

ఆమె స్టవ్ మీద గిన్నె దించింది. చీరకొంగుతో చేతులు తుడుచుకుంది.

“అంటే అవి నాకోసం కాదు. మీకోసం.”

“అవును.”

“పొద్దున్నే ఉన్నాయో లేదో చూసుకుంటే ధైర్యంగా ఉండేదా?”

“ఉండేది.”

“నాకూ మొదట్లో అలాగే ఉండేదండీ,” అంది. “వేసుకోక ముందు. పక్కన ఉంటే చాలనిపించేది.”

లేచివెళ్ళి స్ట్రిప్పు తెచ్చాను. దొడ్లో కాలవలో పారేస్తానన్నాను.

“సినిమా చెయ్యకండి. పొద్దున్నే తీసుకెళ్ళి ఎక్కణ్ణించి తెచ్చారో అక్కడే పెట్టండి. చీటీ పట్టుకుని వచ్చేవాళ్ళెవరికో పనికొస్తాయి.”

ఆ మర్నాడు స్ట్రిప్పును షెల్ఫులో దాని వరసలో పెట్టేశాను. మా ఓనరు చూశాడు. ఎందుకు తీశావని అడగలేదు. ఆయనకు ఎప్పణ్ణించి తెలుసో నేనూ అడగలేదు.

దీంతో అంతా సర్దుకుందని అనుకుంటే పొరపాటే. పదిరోజుల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం, నేను ఇంట్లో ఉండగానే, పక్కింటి పెద్దావిణ్ణి పలకరించి వస్తానని వెళ్ళి వాళ్ళ మందుల డబ్బాలోంచి రెండు నిద్రమాత్రలు తీసి వేసుకుంది. నాకు తెలిసింది మా ఆవిడ చెబితేనే. అదీ ముందు అత్తయ్యకు ఫోన్ చేసి చెప్పి, తర్వాత పక్కింటావిడకు చెప్పి, ఆ తర్వాత నాకు చెప్పింది. మూడోవాణ్ణయ్యానని ఉడుక్కున్నాను. అరిచాను కూడా. “ఇన్ని రోజులూ చేసిందంతా నీళ్ళపాలు” అన్నాను. అమ్మాయి లోపల్నుంచి వచ్చి “నాన్నా, ఇక చాలు,” అంది. చాలించాను.

అత్తయ్య పంపితే అరగంటలో డ్రైవరు వచ్చాడు. ముందు డాక్టరమ్మకు ఫోన్ చెయ్యమన్నాడు, చేశాను. ఏమేం గమనించాలో ఆమె చెప్పింది. తర్వాత వరండాలో కుర్చీ వేసుకుని చీకటి పడేదాకా కూర్చున్నాడు. ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. అమ్మాయి చేత పాత పేపర్లు తెప్పించి, మా ఆవిడా ఆయనా ఎదురెదురుగా కూర్చుని పేలికలు చింపారు. నేను లోపలికీ బయటికీ తిరుగుతున్నాను. చివరికి ఆయనే, “బావగారూ, నడిచి నడిచి నేల అరిగిపోతుంది. ఇలా వచ్చి ఓ పేపరు చింపండి. నిలువుగా చింపండి, అడ్డంగా అయితే సరిగా రాదు,” అన్నాడు.

చింపాను. నిజమే, నిలువుగా అయితే ఒకే తీరున వస్తుంది.

ఆ తర్వాత మంగళ, శుక్రవారాలు నేనూ వెళ్ళడం మొదలుపెట్టాను. ఆమెను కనిపెట్టడానికే అని నాకు నేను చెప్పుకున్నాను. స్టవ్ దగ్గర కూర్చుని జిగురు కలిపేవాణ్ణి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో, ఎవరి జేబులోంచి ఏం తీస్తున్నారో ఒక కన్నేసి ఉంచేవాణ్ణి. జేబుల్లోంచి వచ్చేవి సూదులూ, కత్తెరలూ. నెల గడిచేసరికి, గరిటె పైకెత్తి జిగురు జారే తీరు చూసి పదును చెప్పగలిగేవాణ్ణి. గుండ్రంగా కూర్చున్నప్పుడు మాత్రం బొమ్మ పట్టుకోమంటే వద్దనేవాణ్ణి. నాకేం జబ్బని?

వానలు వెనకబట్టాక ఆటాడాలని అత్తయ్య నిశ్చయించింది. ఆ గదిలోనే బెంచీలు వేశారు. గుండ్రంగా కూర్చున్నప్పుడు బొమ్మను ఒక్కరే పట్టుకున్నా, ఆట ఆడాలంటే ఒక్కోదానికి ఇద్దరు మనుషులు కావాలి, తలా చేతులూ ఒకరికి, నడుమూ కాళ్ళూ ఒకరికి. కోటాయన తల డ్రైవరు దగ్గరుంది, మాట కూడా ఆయనదే. కాళ్ళు పట్టే బ్యాంకు గుమాస్తా వారం రోజులుగా కనపడటం లేదు. మళ్ళీ తాగుతున్నాడని అందరికీ తెలుసు. ఆ పొద్దున కూడా అత్తయ్య అతని ఇంటికి వెళ్ళి తలుపు కొట్టి, సాయంత్రం ఆటకు రమ్మని గుమ్మంలోంచే కేకేసి వచ్చింది. అతను రాలేదు.

అత్తయ్య నా దగ్గరకు వచ్చింది.

“అల్లుడుగారూ, మీ కాళ్ళు మీరే పట్టుకోవాలి.”

“నాకు రాదండీ.”

“నడవడమేగా. ఇన్నేళ్ళు నడిచారు, రాకపోవడమేంటి? మాట లేదు, మంతి లేదు. చివర్లో సంచి తీసుకుని దుకాణానికి వెళ్ళిపోతారు. అంతే.”

సాయంత్రానికి బెంచీలు నిండాయి. డాక్టరమ్మ వచ్చింది, మా ఓనరు వచ్చాడు, టైర్ల మెకానిక్కు కింద షట్టరు దించి మరీ వచ్చాడు. మా అమ్మాయి ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చుంది. వాళ్ళమ్మ ఏం ఆడబోతోందో అమ్మాయికి తెలియదు.  ఇది నా కూతురి ముందు నన్ను నిలబెట్టడానికి అందరూ కలిసి వేసిన ఎత్తేమోనన్న అనుమానం అప్పుడు కూడా వచ్చింది.

ఆట మొదలైంది. మా ఆవిడ ఆడబొమ్మ తల పట్టుకుంది, దాని కాళ్ళ దగ్గర అత్తయ్య. కోటాయన నడిచాడు, సగం ఇచ్చాడు. నడిచాడు, ఒకటి ఇచ్చాడు. వంగి, కోటు చాటున ముఖం దాచుకుని కాళ్ళు కదుపుతున్నాను. ఆమె కుట్టిన ఆ మోకాళ్ళు నా చేతుల్లో ఎంతో సులువుగా వంగుతున్నాయి.  ఒకసారి పక్కకు తిరిగినప్పుడు అమ్మాయి ముఖం కనిపించింది. బొమ్మను కాదు, నన్నే చూస్తోంది.

“రేపు మాట్లాడుకుందాం,” అన్నాడు డ్రైవరు కోటాయన గొంతుతో. నేను దుకాణం వైపు అడుగు వేయించాను.

అడుగు పడలేదు. వెనక్కి చూస్తే ఆడబొమ్మ చెయ్యి కోటు అంచు పట్టుకుని ఉంది.

మేం అనుకున్న ఆటలో ఇది లేదు. అత్తయ్య కిందనుంచి పైకి చూసింది. ఆమెకీ తెలియదు.

“కూర్చోండి,” అంది మా ఆవిడ. బొమ్మ గొంతు కాదు, ఆమె గొంతే.

బొమ్మను కూర్చోబెట్టడం ఎవరూ నాకు నేర్పలేదు. మోకాళ్ళు వంచితే నడుము నిలబడదు. నడుము పట్టుకుంటే కాళ్ళు వేలాడతాయి. రెండుసార్లు ప్రయత్నించి, ఇక దారిలేక నేనే నేలమీద చతికిలబడ్డాను. బొమ్మ నా ఒడిలో కూర్చుంది.

ఆడబొమ్మ కూడా ఎదురుగా కూర్చుంది.

“ఇవాళ దుకాణంలో ఏం జరిగింది?” అని అడిగింది. “ఒకటీ వదలకుండా చెప్పండి. నాకు నిద్ర రావడం లేదు, తొందరేమీ లేదు.”

డ్రైవరు నా చెవి దగ్గరికి వంగాడు. “బావగారూ, దీనికి నా దగ్గర మాటల్లేవు.”

గదిలో అందరూ ఎదురుచూస్తున్నారు. నాకు నటన రాదు. గొంతు సవరించుకుని, ఆ పొద్దున షట్టరు ఎత్తగానే ముందుగా ఎవరొచ్చారో, ఏం అడిగారో, నేనేం చెప్పానో అక్కణ్ణించి మొదలుపెట్టాను.